పాత్రధారణక్రీడల నూతన కూర్పులు: సంప్రదాయమును నవ్యతయు

ప్రాచీన గ్రంథమును మఱల ముద్రింపఁబూనిన పరిష్కర్తకు రెండు భయములు గలవు. ఉన్న దున్నట్లు ముద్రించినచో నేఁటి చదువరికి బోధపడదేమో యను భయ మొకటి. సులభము చేయఁబోయి మూలమును జెఱచితినేమో యను భయము రెండవది. ఈ రెండును బండితులకుఁ బరిచితములే. గ్రంథములయందేకాక యాటలయందును నీ సంకట మున్నదని చెప్పినచోఁ గొందఱికి వింతగాఁ దోఁపవచ్చును. కాని గడచిన యేఁబది యేండ్లలో నమెరికా దేశమునఁ బుట్టి యితర దేశములకు వ్యాపించిన యొక క్రీడాజాతి పూర్తిగా గ్రంథాశ్రయమైనది. దానికి నియమగ్రంథములు గలవు. వానికిఁ గూర్పులు గలవు. పూర్వకూర్పు మేలనువారికిని నూతనకూర్పు మేలనువారికిని నడుమ దీర్ఘవాదములు గలవు. ఆ చరిత్రమును సంగ్రహముగాఁ దెలిపి, సంప్రదాయమును నవ్యతను బొందుపఱచుటలో నేవి నిలిచినవో, యేవి నిలువలేదో, యెందువలన నట్లయ్యెనో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

క్రీడాస్వరూపము

ఈ క్రీడకు బల్లచుట్టును నలుగు రైదుగురు కూర్చుందురు. వారిలో నొకఁడు నిర్వాహకుఁడు. తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు. ఒకఁడు యోధుఁడు, ఒకఁడు మాంత్రికుఁడు, ఒకఁడు దేవతోపాసకుఁడు, వేఱొకఁడు చోరుఁడు. వేషము లేదు, రంగస్థలము లేదు, కంఠపాఠము చేయవలసిన సంభాషణము లేదు. నిర్వాహకుఁడు స్థలమును వర్ణించును. ఎదుట నొక పాడుపడిన కోట యున్నదనియు, ద్వారము మూయఁబడినదనియు, లోపల నేదియో కదలుచున్న చప్పుడు వినవచ్చుచున్నదనియుఁ జెప్పును. అంతట నాటకాండ్రు తమతమ పాత్ర లేమి చేయునో నోటితోఁ జెప్పుదురు. చేసిన పని ఫలించునో లేదో సందేహమైనపుడు పాచిక వేయుదురు. యోధుఁడు ద్వారమును దన్నినచో నది విఱుగునా యనుట పాచిక మీఁది సంఖ్యయు, యోధుని బలమును సూచించు సంఖ్యయుఁ గలిసి తేల్చును. కావున నీ యాట సగము కథాకథనము, సగము గణితము.

దీనియందు గెలుపోటములు లేవు. ఒక కథ యొక సాయంకాలమున ముగియవలెనను నియమమును లేదు. ఒకే పాత్రతోఁ బది యేండ్లాడువారును గలరు. ఆ పాత్ర యొక బలము, బుద్ధి, యాయుధములు, నేర్చిన మంత్రములు, తగిలిన దెబ్బలు నన్నియు నొక కాగితముపై సంఖ్యలుగా వ్రాయఁబడి యుండును. నియమగ్రంథము మాఱినపు డా సంఖ్యలకు నర్థము మాఱును. చదరంగమున నొక నియమము మాఱినచోఁ దరువాతి యాటనుండి కొత్త తీరున నాడుదుము, అంతతో సరి. ఇందట్లు కాదు. పది యేండ్లుగాఁ బెంచుకొనిన పాత్రయు, కొని దాఁచుకొనిన పుస్తకములును, నిర్వాహకుఁడు వ్రాసికొనిన కథలును నొక్క దినమునఁ బరభాషలో వ్రాసినవానివలె నగును. కొత్తకూర్పు వచ్చునపుడు పుట్టు కలహములకు మూల మిదియే.

వ్యాకరణపరిభాషతోఁ జెప్పవలెనన్న నియమగ్రంథము లక్షణము. బల్లచుట్టు నడచు నాటయు, దానికొఱకు వ్రాయఁబడిన సాహసకథలును లక్ష్యము. లక్ష్యమునుబట్టి లక్షణ మేర్పడవలెనా, లక్షణమునుబట్టి లక్ష్యము నడవవలెనా యను ప్రశ్న యిచ్చటను దప్పలేదు.

ఉత్పత్తియుఁ దొలి గ్రంథములును

ఈ క్రీడ వంశమును వెనుకకు వెదకికొని పోయినచో మన చతురంగము దాఁకఁ బోవచ్చును. భారతదేశమునఁ బుట్టిన చతురంగము పారసీక, అరబ్బు దేశముల మీఁదుగా నైరోపాకుఁ బోయి చెస్ అను పేరఁ బ్రసిద్ధి కెక్కెను. జర్మనీలో హెల్విగ్ అను పండితుఁడు 1780 లో దానిని విస్తరించి పలువిధముల నేలలును, సైన్యములును గల యుద్ధక్రీడను రచించెను. ప్రష్యాలో రైస్‌విట్జ్ అను తండ్రికొడుకులు, తండ్రి 1812 లోను, కొడుకు 1824 లోను, సేనానులకు శిక్ష యిచ్చుటకుఁ దగిన యుద్ధక్రీడను గల్పించిరి. ఉభయపక్షముల యాజ్ఞలను విని ఫలితమును నిర్ణయించు మధ్యస్థుఁ డొకఁడు వారి యాటలోఁ గలఁడు. నేఁటి నిర్వాహకుఁడు వాని సంతతివాఁడే.

ఇరువదవ శతాబ్దమున నమెరికాలో యుద్ధక్రీడలు వినోదముగా వ్యాపించెను. గేరీ గైగాక్స్, జెఫ్ పెరెన్ అనువారు 1971 లో మధ్యయుగపు యుద్ధములకు 'చైన్‌మెయిల్' అను నియమపుస్తకమును వ్రాసిరి. మినెసోటా రాష్ట్రమున డేవ్ ఆర్నెసన్ అనునాతఁడు సేనకు బదులు ఒక్కొక్క యాటకాని కొక్క పాత్రనే యిచ్చి 'బ్లాక్‌మూర్' అను కల్పితదేశమున నాట నడపుచుండెను. గైగాక్సును ఆర్నెసనును గలసి రచించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974 లో వెలువడెను. ఒక పెట్టెలో మూఁడు చిన్న పుస్తకములు. మొదట ముద్రింపఁబడినవి 1000 ప్రతులు. పాత్రధారణక్రీడలలో మొట్టమొదట నచ్చైనది యిదియే యని సాధారణముగా నంగీకరింపఁబడినది.

ఆ మూఁడు పుస్తకములు సూత్రప్రాయములు. అనేక విషయములు చెప్పక విడువఁబడినవి. వ్యాఖ్యానము లేనిచోఁ బ్రతి యూరివారును దమకుఁ దోఁచినట్లు పూరించుకొనిరి. ఈ విధముగాఁ బుట్టుకతోనే యీ క్రీడ పలు శాఖలుగాఁ జీలినది. 'అసలైన సంప్రదాయ' మని యొకదానిని జూపఁబోవువా రీ సంగతిని మఱవరాదు. శాఖల నేకము చేయఁదలఁచి గైగాక్స్ 1977 మొదలు 1979 వఱకు 'అడ్వాన్స్డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను పేర మూఁడు పెద్ద గ్రంథములను వెలువరించెను: రాక్షస మృగాదుల నిఘంటువు, ఆటకాండ్ర పుస్తకము, నిర్వాహకుని పుస్తకము. ఆ కాలముననే ప్రారంభకులకొఱకు సులభపాఠము వేఱుగా 1977 లో హోమ్స్ చేతను, 1981 లో మోల్డ్‌వే చేతను, 1983 లో మెంట్జర్ చేతను సంస్కరింపఁబడి వెడలెను. పెద్ద బాలశిక్షయుఁ బ్రౌఢవ్యాకరణమును నొకే కాలమున నడచినట్లు రెండు పాఠములు నడచెనన్నమాట.

మార్పులు మూఁడు తెఱఁగులు

కూర్పులలో వచ్చిన మార్పుల నన్నిటి నొకే గంపలో వేసి 'మార్చిరి, చెఱచిరి' యనుట న్యాయము కాదు. నాకుఁ దోఁచినంతవఱకు నవి మూఁడు తెఱఁగులు: నామభేదము, రూపభేదము, అర్థభేదము.

నామభేదమున కుదాహరణములు తొలినాఁటినుండియుఁ గలవు. 1974 నాఁటి పుస్తకములలో టోల్కీను నవలలలోని 'హాబిట్' అను పొట్టి జాతి యుండెను. ఆ నవలలకు సంబంధించిన వ్యాపారహక్కులు గలవా రభ్యంతరము చెప్పఁగాఁ దరువాతి ముద్రణములలో నా పేరు 'హాఫ్‌లింగ్' అని మాఱెను. ఆట కించుకయుఁ గొఱఁత కలుగలేదు. 1989 లో డేవిడ్ కుక్ నాయకత్వమున వెలువడిన ద్వితీయ కూర్పున దయ్యములను, పిశాచములను దెలుపు క్రైస్తవ మతసంబంధములగు పేళ్లు తీసివేయఁబడెను. ఈ యాట పిల్లలను దయ్యపుఁ బూజకుఁ బురికొల్పుచున్నదని 1980 తరువాతి యేండ్లలోఁ గొందఱు మతాభిమానులు చేసిన యాందోళనమే దానికిఁ గారణము. మొదట విడువఁబడిన యా జీవులు పిదప గొత్త పేళ్లతోఁ దిరిగివచ్చెను. 2000 లో తృతీయ కూర్పునఁ బాఁత పేళ్లును దిరిగివచ్చెను. నామభేదము సాధారణముగా నాట నంతగా బాధింపదు. కాని భయపడి చేసిన నామభేదము భయము పోయినపుడు నిలువలేదని దీనివలనఁ దెలియుచున్నది.

రూపభేదమనఁగా విషయము మాఱక, చెప్పెడి తీరు మాత్రము మాఱుట. దీని నొక లెక్కచే విశదపఱతును. ప్రతి పాత్రకును గవచసంఖ్య యొకటి గలదు. మొదటి కూర్పులలో నా సంఖ్య యెంత తగ్గిన నంత రక్షణ. కవచము మేలైనకొలఁది సంఖ్య దిగుచు సున్నకుఁ గ్రిందికిఁ గూడఁ బోవును. ద్వితీయ కూర్పునఁ బ్రతి యోధునికిని, సున్న కవచసంఖ్య గల శత్రువును గొట్టుటకుఁ గావలసిన పాచికసంఖ్య యిచ్చి, దానిని 'థాకో' యని వ్యవహరించిరి. థాకో 18 గల యోధుఁడు కవచసంఖ్య 4 గల శత్రువును గొట్టవలెనన్న 18 లో 4 తీసివేయఁగా వచ్చిన 14 గాని యంతకు మించిగాని యిరువది ముఖముల పాచికపైఁ బడవలెను. తృతీయ కూర్పును రచించిన టువీట్, మాంటీ కుక్, విలియమ్స్ అనువారు దీనిని దలక్రిందు చేసిరి. కవచము మేలైనకొలఁది సంఖ్య పెరుగును. పాచికపైఁ బడిన సంఖ్యకు యోధుని నేర్పు కలిపి కవచసంఖ్యను జేరినచో దెబ్బ తగులును. పై యోధుని నేర్పు 2. శత్రువు కవచసంఖ్య 16. పాచికపైఁ బడవలసినది మఱల 14 యే. రెండు పద్ధతులలోను 14 మొదలు 20 వఱకు 7 ముఖము లనుకూలములు. అనఁగా నూటికి 35 వంతులు. ఫలమున నిసుమంతయు భేదము లేదు. భేద మంతయుఁ దీసివేతకు బదులు కూడిక వచ్చుట, సున్నకుఁ గ్రింది సంఖ్యలు లేకపోవుట.

ఇట్టి మార్పునకు గొప్ప గుణ మొకటి గలదు. పాఁత సంఖ్యను 20 నుండి తీసివేసినచోఁ గొత్త సంఖ్య వచ్చును. ఒక్క పంక్తి సూత్రముచేఁ బాఁత పుస్తకమును గొత్తగాఁ జదువవచ్చును. వెనుకకు మరలు దారి తెఱచి యుంచిన సంస్కారము సంప్రదాయభంగము కాదు. లిపి మార్చి వ్రాసిన గ్రంథము వంటిది.

మూఁడవది యర్థభేదము. ఇందు ఆట యనుభవమే మాఱును. దీనికి వెనుకకు మరలు సూత్రము లేదు. చతుర్థ కూర్పు చరిత్ర మీ భేదమునకు ముఖ్యోదాహరణము.

చతుర్థ కూర్పు

తొలినుండియు నీ యాటలో మాంత్రికుని పద్ధతి విలక్షణమైనది. జాక్ వాన్స్ 1950 లోఁ బ్రకటించిన 'ది డయింగ్ ఎర్త్' అను గ్రంథమునుండి గైగాక్స్ దీనిని గ్రహించెను. మాంత్రికుఁడు ప్రాతఃకాలమునఁ దన పుస్తకము చూచి కొన్ని మంత్రములను ధారణ చేయును. ప్రయోగించినతోడనే యా మంత్రము మనస్సునుండి చెఱగిపోవును. మఱునాఁడు మఱల ధారణ చేయవలెను. యోధుఁ డట్లుగాక దినమంతయు నొకే తీరునఁ గత్తి త్రిప్పుచుండును. దీనివలన నొక చిక్కు గలదు. మొదటి దశలో మాంత్రికుఁ డొక్క మంత్రము వేసి, యటుపైఁ జేయునది లేక కూర్చుండును. ముదిరిన దశలో నతని ముందు యోధుఁడు నిలువఁజాలఁడు.

2008 జూన్ నెలలో వెలువడిన చతుర్థ కూర్పు ఈ చిక్కును సూటిగా నెదుర్కొన్నది. హైన్‌సో ముఖ్యుఁడుగా దాని రచయితలు ప్రతి వృత్తికిని నొకే చట్ట మేర్పఱచిరి. కోరినపు డెల్లఁ జేయఁదగిన శక్తులు, పోరాటమున కొక్కసారి చేయఁదగినవి, దినమున కొక్కసారి చేయఁదగినవి యని మూఁడు తరగతులు. యోధునికిని, మాంత్రికునికిని, చోరునికిని నివియే తరగతులు. నియమములు స్పష్టములు, వృత్తులకు సామ్యము కుదిరెను, నిర్వాహకునికి శ్రమ తగ్గెను. గణితదృష్టితోఁ జూచిన నంతకుముందటి కూర్పులకన్న నిది సువ్యవస్థితమనవచ్చును.

ఐనను బెక్కుమంది పూర్వులు దీనిని దమ యాటగా నంగీకరింపలేదు. శీలభేదములు తొమ్మిది యుండఁగా నైదుగాఁ దగ్గింపఁబడెను. పొట్టిజాతులలో నొకటియైన 'నోమ్', గాయకవృత్తి, వనోపాసకవృత్తి మొదలగునవి మొదటి పుస్తకమునఁ గానరాక మఱుసటి యేఁడు రెండవ పుస్తకమున వచ్చెను. ఒక చిన్న మంత్రము కథ చెప్పినచోఁ దక్కినది బోధపడును. 'మాజిక్ మిసైల్' అను నొక శరమంత్రము గలదు. పూర్వకూర్పులలో మాంత్రికుఁడు దానిని బ్రయోగించినచోఁ బాచికతోఁ బనిలేక తప్పక తగులును. అల్పబలమైనదైనను దప్పనిది యగుటయే దాని స్వభావము. అన్ని శక్తులకు నొకే నియమ ముండవలెనని చతుర్థ కూర్పున దానికిని బాచిక వేయవలెనని విధించిరి. సామ్యము కుదిరెను, మంత్రము స్వభావము పోయెను. 2010 లోఁ బ్రకటనకర్తలే సవరణ ప్రకటించి, మఱలఁ దప్పక తగులునట్లు చేసిరి. ఒక్క మంత్రమునుగూర్చి లక్షణకర్తలు లక్ష్యమునకుఁ దలవంచి రనుటకు నిదర్శన మింతకంటె వలదు.

ఈ కూర్పుతోడనే యొక చీలికయు వచ్చెను. దానిఁ దెలియుటకుఁ దృతీయ కూర్పునాఁటి యొక యేర్పాటును జెప్పవలెను. 1997 లో మూలసంస్థయగు టి.ఎస్.ఆర్. ను విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అను సంస్థ కొన్నది. ఆ సంస్థ 2000 లో 'ఓపెన్ గేమ్ లైసెన్సు' అను ననుమతిపత్రమును వెలువరించి, ముఖ్యనియమములను షరతులకు లోఁబడి యెవ్వరైన నుపయోగించి గ్రంథములు వ్రాయవచ్చునని చాటెను. చతుర్థ కూర్పున కీ యనుమతి వర్తింపలేదు. దానికి వేఱొక కఠినమైన పత్రము వచ్చెను. అంతవఱకు సాహసకథలు ప్రకటించుచుండిన పైజో అను సంస్థ, పూర్వపు టనుమతి యింకను జెల్లుచున్నందున, 2003 లో సవరింపఁబడిన తృతీయ కూర్పు నియమములను గైకొని, కొంత సంస్కరించి 2009 లో 'పాత్‌ఫైండర్' అను పేర వెలువరించెను. పేరు గల సంస్థ పాఠమును విడిచెను. పాఠము వేఱొక పేరఁ బ్రతికెను. పాఁత కూర్పునే కోరువారి కది యాశ్రయమయ్యెను. అంతకుముందే 2006 లో నదే యనుమతి యాధారముగా 'ఓస్రిక్' అనుపేరఁ బ్రథమ కూర్పు నియమములు పునరుద్ధరింపఁబడెను. మూలగ్రంథములు మార్కెట్టున లేని కాలమున వానికొఱకుఁ గొత్త సాహసకథలు వ్రాయఁగోరువారికి నిది దారి చూపెను.

పంచమ కూర్పు: సంధిప్రయత్నము

చీలికను జూచిన పిమ్మట సంస్థ మార్గము మార్చెను. 2012 జనవరిలోఁ గొత్తకూర్పును దలపెట్టినట్లు ప్రకటించి, మే నెలనుండి చిత్తుప్రతులను జనులకే పంచి, ఆడి చూచి యభిప్రాయము తెలుపుఁడని కోరెను. ఈ పరీక్ష యేఁడాదికి మించి నడచెను. మెర్ల్స్, క్రాఫర్డ్ అనువారు ముఖ్యులుగా సంస్కరించిన పంచమ కూర్పు 2014 లో వెలువడెను.

ఇందు మాంత్రికుని సమస్యను దీర్చిన తీరు గమనింపఁదగినది. ప్రాతఃకాలమున మంత్రధారణ చేయుట నిలిచెను. మంత్రములకుఁ దొమ్మిది తరగతులును, దినమున కింత యను పరిమితియు నిలిచెను. కాని యొకసారి ధారణ చేసిన మంత్రము ప్రయోగింపఁగానే చెఱగిపోదు. పరిమితి యున్నంతవఱకు దానినే పలుమాఱులు ప్రయోగింపవచ్చును. పరిమితి తీఱిన తరువాత నూరక కూర్చుండ నక్కఱలేకుండఁ గొన్ని చిన్న మంత్రములు కోరినపు డెల్లఁ బ్రయోగించునట్లు చేసిరి. ఈ కడపటి సౌకర్యము చతుర్థ కూర్పులోని 'కోరినపుడెల్ల' శక్తులకు బంధువే. స్వల్పవిశ్రాంతిచేఁ గొంత యారోగ్యమును దిరిగిపొందు పద్ధతియు నట్టిదే. జను లంగీకరింపని కూర్పులోని గుణము, పాఁత బట్ట కట్టికొని వచ్చినపుడు జనులు దాని నాదరించిరి. దీనినిబట్టి తిరస్కృతమైనది నవ్యత కాదనియు, నవ్యత వచ్చిన వేషమనియుఁ దోఁచుచున్నది.

అయినను బంచమ కూర్పును నిర్దోషమనఁజాలము. ప్రతి పాత్రకును బలము, చాతుర్యము, దార్ఢ్యము, బుద్ధి, వివేకము, ఆకర్షణ యని యాఱు గుణములు గలవు. 1974 లో మూఁడు పాచికలు వేసి కూడి 3 మొదలు 18 వఱకు సంఖ్య వ్రాయుచుండిరి. తృతీయ కూర్పునుండి యాటలో నుపయోగించునది యా సంఖ్య కాదు. దానినుండి 10 తీసివేసి సగము చేయఁగా వచ్చినది. బలము 14 యైనను 15 యైనను గలుపవలసినది 2 మాత్రమే. మూలసంఖ్యతోఁ జాలవఱకుఁ బని లేదు. అయినను దానిని దీసివేయ నెవ్వరును సాహసింపలేదు. ఉచ్చారణము పోయినను లిపిలో నిలిచిన యక్షరమువలె నది నిలిచియున్నది. కొత్తగా నేర్చువానికిఁ జిక్కే. ఐనను 'నా యోధుని బలము 18' అని చెప్పుకొనునపుడు ఏఁబది యేండ్ల యాటకాండ్రందఱు నొకే భాష మాటలాడుదురు. ఆ లాభమున కీ చిక్కు వెల.

మఱియు జనాభిప్రాయముచే నడచు సంస్కారమున కొక లోపము గలదు. ఏమి కావలెనని యడిగినచో జనులు తా మెఱిఁగినదానినే కోరుదురు. చతుర్థ కూర్పున 'వార్‌లార్డ్' అను సేనానివృత్తి యొకటి వచ్చెను. మంత్రబలము లేకయే మాటచేతను వ్యూహముచేతను సహచరులను నిలుపుట దాని పని. దాని నాదరించినవా రుండిరి. ఐనను బంచమ కూర్పున దానికి స్థానము దొరకలేదు. పలువురి సమ్మతి కలహమును దీర్చును. కాని ప్రతి గుణమును గాపాడునని చెప్పరాదు.

2024 లోఁ బంచమ కూర్పు మఱల సంస్కరింపఁబడెను. జాతిని దెలుపు పాఁత యాంగ్లపదము తీసి 'స్పీసీస్' అని మార్చిరి. గుణసంఖ్యల వృద్ధి జాతినిబట్టి కాక పాత్ర పెరిగిన వృత్తాంతమునుబట్టి కలుగునట్లు చేసిరి. కాని దీనికి షష్ఠ కూర్పని పేరు పెట్టలేదు. 2014 మొదలు వెలువడిన సాహసకథలు దీనితోడను నాడఁదగునని ప్రకటించిరి. చతుర్థ కూర్పు నేర్పిన పాఠము వారు మఱవలేదని దీనివలన స్పష్టము.

వేఱొక క్రీడ సాక్ష్యము

ఒక్క క్రీడనుబట్టి సిద్ధాంతము చేయరాదు గనుక వేఱొకదానిని జూతము. కేయోసియం సంస్థ 1981 లో సాండీ పీటర్సన్ రచించిన 'కాల్ ఆఫ్ కతుల్హూ' అను భయానకక్రీడను వెలువరించెను. ఇందుఁ బాత్రలు వీరులు కారు, సామాన్యులు. చూడరానిదానిని జూచినపుడు పాత్ర మతిస్థైర్యమును దెలుపు సంఖ్య తగ్గుచుండుట దీని ప్రాణము. ముప్పది యేండ్లకుఁ బైగా నీ క్రీడ కూర్పునకుఁ గూర్పునకు నతిస్వల్పభేదములతో నడచెను. 2014 లో వెలువడిన సప్తమ కూర్పు మాత్రము సాహసించి, పైఁ జెప్పిన గుణసంఖ్యలనే మార్చెను. 3 మొదలు 18 వఱకు నుండిన సంఖ్యల నైదింట గుణించి నూటికి వంతులుగా వ్రాసిరి. 12 గల బుద్ధి 60 అయ్యెను. పూర్వకూర్పులలోను బుద్ధిపరీక్షకు దాని నైదింట గుణించియే పాచిక వేయుచుండిరి; గుణకారము నాటకాఁడు చేయుటకు మాఱుగా గ్రంథమే చేసి యిచ్చెను. అనఁగా నిది రూపభేదము. ఐదింట గుణింప నేర్చినవాఁడు 1981 నాఁటి కథనైనను గొత్తకూర్పుతో నాడఁగలఁడు. మతిస్థైర్యనియమముయొక్క ప్రాణమును వారు ముట్టలేదు.

ఈ రెండు క్రీడలను బోల్చినచో నొక విశేషము గానవచ్చును. ఒకదానిలోఁ గదల్పరానిదిగాఁ దోఁచిన గుణసంఖ్య మఱియొకదానిలో సులభముగా మాఱెను. కావున సంప్రదాయమనునది వస్తువునందు లేదు. ఆటకాండ్రు దేనిని దమ యాటకుఁ బ్రాణముగా భావింతురో దానియందున్నది. పరిష్కర్త మొదట నెఱుఁగవలసిన దదియే.

పాఠరక్షణము

ఇంకొక విషయము గలదు. నా యభిప్రాయమున నన్నిటికన్న నిదియే ముఖ్యము. తాటాకు గ్రంథమునకు యజమానుఁడు లేఁడు. వ్రాసికొనినవాఁ డెల్ల దానిని నిలుపును. ఈ క్రీడాగ్రంథములకు యజమాను లున్నారు. 2009 లో విజర్డ్స్ సంస్థ పూర్వకూర్పుల కంప్యూటరు ప్రతుల విక్రయమును నిలిపివైచెను. 2013 లో మఱల నారంభించెను. నడుమఁ బాఁత గ్రంథములను జదువఁగోరినవారు చినిఁగిన పాఁత ప్రతులను వెదకికొనవలసి వచ్చెను. 2023 జనవరిలో, 2000 నాఁటి యనుమతిపత్రమును రద్దుచేసి కఠినమైన పత్రమును బెట్టఁదలఁచిరని యొక చిత్తుప్రతి బయటఁబడఁగా గ్రంథకర్తలును, ఆటకాండ్రును బెద్దయెత్తున నెదిరించిరి. ఆ నెలలోనే సంస్థ వెనుకకుఁ దగ్గి, పంచమ కూర్పు ముఖ్యనియమములను 'క్రియేటివ్ కామన్స్' అను పద్ధతి క్రిందఁ, గర్తృనామము చెప్పి యెవ్వరైన వాడుకొనునట్లు, తిరిగి తీసికొనరాని విధమున విడిచిపెట్టెను. పైజో సంస్థయు 2023 నవంబరునుండి తన గ్రంథములను సంస్కరించి, పూర్వపనుమతి నాశ్రయించిన శీలభేదములు, మంత్రశాఖలు మొదలగువానిని దొలఁగించెను. ఇక్కడ నవ్యతకుఁ గారణము రసము కాదు, యుక్తి కాదు, భయము. యాజమాన్యము సంప్రదాయమును మార్చు విధ మిది.

ఫలితార్థము

ఇంతవఱకుఁ జెప్పినదానినుండి నాలుగు సంగతులు తేలుచున్నవి. మొదటిది: రూపభేదమునకు సంకోచింప నక్కఱలేదు, పాఁతదానిని గొత్తదానిగాఁ జదువు సూత్రము గ్రంథముననే యీయవలెను. రెండవది: అర్థభేదము చేయవలసివచ్చినచోఁ బేరును, వేషమును నిలిపి లోపల మార్చుట మేలు, రెంటి నొక్కసారి మార్చినచోఁ జదువరి పరాయిచోట నిలిచినట్లగును. మూఁడవది: ఆడువారి నడుగవలెను, కాని వారు చెప్పినదే చాలునని యూరకుండరాదు. నాలుగవది: పూర్వకూర్పును దొరకనీయక నూతనకూర్పును నిలుపఁజూచుట వలదు. పాఁత పాఠము చేతికందుచున్నచోఁ గొత్తదానిని గూర్చి వాదము సౌమ్యముగా సాఁగును. అందనిచో ద్వేషము పుట్టును.

గేరీ గైగాక్స్ 2008 మార్చిలోను, డేవ్ ఆర్నెసన్ 2009 ఏప్రిలులోను గతించిరి. వారు వేసిన పాచిక నేఁడు వా రెఱుఁగని నియమములతో దొరలుచున్నది. అయినను మూసిన ద్వారమెదుట నలుగురు నిలిచి, లోపలి చప్పుడు విని, యేమి చేయుదమని యొకరి మొగ మొకరు చూచుకొను నా క్షణ మేకూర్పునను మాఱలేదు. పరిష్కర్త యే మార్పు చేయఁబూనినను, అది యా క్షణమున కడ్డువచ్చునా, తోడ్పడునా యని మొదటఁ దన్నుఁ దానడిగికొనవలెను. పూర్వగ్రంథములను నేఁటి విద్యార్థులకు బోధించు పండితులును దమ పనియందు నిట్టి ప్రశ్ననే వేసికొనుచుందురు గనుక నీ దూరదేశపుఁ గ్రీడాచరిత్రమును వారి యెదుటఁ బెట్ట సాహసించితిని.